హుండీ నుంచి హామీ వడ్డీ దాకా: నిజాం రాజ్యంలో రుణవ్యవస్థ, రైలుమార్గాల పరస్పర ప్రభావం

ఉపోద్ఘాతం

హైదరాబాదు రాజ్య ఆర్థిక చరిత్రలో రైలుమార్గాన్ని, రుణవ్యవస్థను వేర్వేరు అధ్యాయాలుగా చదివే అలవాటు స్థిరపడింది. రైలు మొదటి సాలార్‌జంగు సంస్కరణల జాబితాలో చేరుతుంది. సాహుకార్లు ఆ సంస్కరణలకు ముందున్న అవ్యవస్థకు గుర్తుగా మిగిలిపోతారు. ఈ విభజన వల్ల ఒక ముఖ్యమైన ప్రశ్న మరుగునపడింది. వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో నడిచింది. రాజ్యానికి సొంత బ్యాంకు 1941లో శాసనం ద్వారా ఏర్పడి 1942 ఏప్రిల్‌లో పని ప్రారంభించింది. అంటే రైలుకూ బ్యాంకుకూ నడుమ 68 ఏళ్ల ఎడం ఉంది. రైలు వస్తే బ్యాంకు వెంట వస్తుందని, బ్యాంకు ఉంటేనే రైలు వస్తుందని పందొమ్మిదో శతాబ్ది ఆర్థికాభివృద్ధి గురించి చెప్పే సాధారణ సూత్రం ఇక్కడ ఎందుకు వర్తించలేదు?

ఈ ఎడాన్ని వివరించడమే ప్రస్తుత వ్యాస లక్ష్యం. నిజాం రాజ్యంలో రైలూ రుణమూ ఒకదాన్నొకటి ప్రభావితం చేయకపోలేదు; గాఢంగానే ప్రభావితం చేశాయి. కాని ఆ ప్రభావం స్థానిక బ్యాంకును నిర్మించే దిశలో సాగలేదు. రైలుకు పూర్వపు అప్పుల చరిత్ర రైలు యాజమాన్య స్వరూపాన్ని నిర్ణయించింది. రైలు వచ్చిన తరువాత అప్పు దొరికే చోటు, అప్పు తీర్చవలసిన నాణెం, అప్పుకు పూచీ అన్నీ మారిపోయాయి. ఈ రెండు ప్రతిపాదనలనూ వరుసగా పరిశీలించవలసి ఉంది.

ఇతర దేశాల అనుభవం

పోలిక కోసం మొదట బయటి ఉదాహరణలు చూడాలి. ఫ్రాన్సులో పెరేర్ సోదరులు 1852లో స్థాపించిన క్రెడీ మొబిలియే బ్యాంకు చిన్న చిన్న పొదుపులను సమీకరించి రైలు కంపెనీల వాటాల్లోకి మళ్లించింది. 1853లో జర్మనీలో ఏర్పడిన డార్మ్‌స్టాట్ బ్యాంకు అదే బాటలో నడిచింది. అమెరికాలో ఈ సంబంధం మరింత ప్రమాదకర స్థాయికి చేరింది. నార్దరన్ పసిఫిక్ రైలు రుణపత్రాలను అమ్మలేక జే కుక్ బ్యాంకు 1873 సెప్టెంబరులో మూతపడగా, ఆ దెబ్బకు దేశమంతా ఆర్థిక సంక్షోభంలో మునిగింది. లాభంలోనైనా నష్టంలోనైనా అక్కడ బ్యాంకు, రైలు ఒకే సమాజపు సంస్థలు. నష్టపోయినవారూ గుణపాఠం నేర్చుకున్నవారూ చాలామటుకు ఆ దేశస్థులే.

నిజాం రాజ్యానికి మరింత దగ్గరగా నిలిచే ఉదాహరణ జపాను. అక్కడ కూడా పెట్టుబడి చాలావరకు భూస్వామ్య కులీనుల చేతిలోనే ఉండేది. వారి పాత రాబడి హక్కులను ప్రభుత్వం రుణపత్రాలుగా మార్చింది. ఆ రుణపత్రాలే మూలధనంగా 1877లో పదిహేనవ జాతీయ బ్యాంకు ఏర్పడింది. ప్రభుత్వ హామీతో 1881లో నెలకొన్న నిప్పన్ రైలు కంపెనీలో ఆ బ్యాంకు ప్రధాన పెట్టుబడిదారు అయింది. జాగీరు బ్యాంకుగాను, బ్యాంకు రైలుగాను మారిన తీరు ఇది. హైదరాబాదులో కూడా జాగీర్దార్లు, పైగా అమీర్లు, సాహుకార్లు ఉన్నారు. అయినా ఈ మార్పిడి జరగలేదు. దీనికి కారణం స్థానికుల వద్ద ధనం లేకపోవడమా, మరొకటా అన్నది తేల్చుకోవలసిన విషయం.

ధనం లేదన్న వాదన నిలవదు. ఇందోరు పాలకుడు రెండవ తుకోజీరావు హోల్కరు 1870 ప్రాంతంలో తన రాజ్యం మీదుగా వేసే రైలుకోసం బ్రిటిష్ ప్రభుత్వానికే కోటి రూపాయలు నాలుగున్నర శాతం వడ్డీకి అప్పిచ్చాడు. ఒక స్వదేశీ సంస్థానం రైలుకు రుణదాత కాగలిగింది. అంతకంటే ఎన్నో రెట్లు పెద్దదైన హైదరాబాదు మాత్రం హామీదారుగా మిగిలింది. ఈ తేడాకు మూలం రాజ్యం మోసిన పాత అప్పులలో ఉంది.

రైలుకు ముందు: కార్వాన్, బేగంబజారు, పామర్ కంపెనీ

పందొమ్మిదో శతాబ్ది మొదటి సగంలో నిజాం ప్రభుత్వపు నగదు అవసరాలను కార్వాన్, బేగంబజారు ప్రాంతాల్లోని కోఠీలు తీర్చేవి. గుజరాతీ, మార్వాడీ వర్తకులు, గోసాయీలు ఈ వ్యాపారంలో ప్రముఖులు. నగరంలోని అరబ్బు జమేదార్లు కూడా వడ్డీకి అప్పులిచ్చేవారు. పూరన్‌మల్ వంటి సాహుకారు కట్టించిన సీతారాంబాగ్ ఆలయం ఆ వర్గపు సంపదకు నేటికీ సాక్ష్యంగా నిలిచి ఉంది. సాహుకారు సైన్యానికి జీతాలు చెల్లించేవాడు. తాలూకా వసూళ్లను తాకట్టుగా పొందేవాడు. దర్శనీ, ముద్దతీ హుండీల ద్వారా ఒక పట్టణం నుంచి మరొక పట్టణానికి ధనం చేరవేసేవాడు. రాజ్యంలో ఖజానా, బ్యాంకు, వసూలు కచేరి అనే మూడు పనులూ చాలావరకు ఆ కోఠీలలోనే జరిగేవి. పందొమ్మిదో శతాబ్దిలో హైదరాబాదు బ్యాంకింగు కోఠీల రాజకీయ ప్రాబల్యాన్ని కారెన్ లియొనార్డ్ తన పరిశోధనల్లో విశదం చేశారు.

ఈ వ్యవస్థలోకి విలియం పామర్ స్థాపించిన కంపెనీ 1810ల్లో ప్రవేశించింది. స్వదేశీ రాజులకు బ్రిటిష్ ప్రజలు అప్పులివ్వరాదని 1797 నాటి బ్రిటిష్ పార్లమెంటు చట్టం నిషేధించగా, 1816లో గవర్నరు జనరల్ అనుమతితో ఆ నిషేధం నుంచి ఈ కంపెనీకి మినహాయింపు దొరికింది. చందూలాలు పేష్కారుగా ఉన్న కాలంలో కంపెనీకి ప్రభుత్వం పడిన బాకీ ఇరవై శాతానికి మించిన వడ్డీలతో పెరిగిపోయింది. రెసిడెంటు చార్లెస్ మెట్‌కాఫ్ ఈ వ్యవహారాన్ని బయటపెట్టాడు. ఆ బాకీ తీర్చిన విధానం తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా గమనార్హం. ఉత్తర సర్కారుల నిమిత్తం ఈస్టిండియా కంపెనీ ఏటా నిజాముకు చెల్లించవలసిన 7 లక్షల పేష్కషును 1823లో ఒక్కమొత్తంగా, సుమారు 1 కోటి 16 లక్షల రూపాయలుగా లెక్కగట్టి, దాన్ని అప్పు తీర్చడానికి వినియోగించారు. తెలుగు కోస్తా మీద నిజాముకు మిగిలిన చివరి ఆర్థిక హక్కు ఆ విధంగా ఒక బ్యాంకింగు కోఠీ బాకీ కింద చెల్లిపోయింది. మరుసటి ఏడాది పామర్ కంపెనీ కూడా దివాలా తీసింది.

ఇక్కడినుంచి నిజాం రాజ్యంలో అప్పు అనే మాటకు ఒక ప్రత్యేకార్థం ఏర్పడింది. అప్పు చేస్తే వడ్డీ పెరగడమే కాదు, భూమి పోతుంది. ఈ భయం ఊహాజనితం కాదని 1853 రుజువు చేసింది.

1853: ఐదు వారాల చరిత్ర

1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. నాలుగు రోజుల తరువాత, ఏప్రిల్ 20న, గవర్నరు జనరల్ డల్హౌసీ ఉపఖండమంతటికీ ప్రధాన రైలుమార్గాలను నిర్దేశించే తన ప్రసిద్ధ పత్రం మీద సంతకం చేశాడు. మే 21న అదే డల్హౌసీ పాలనలో నిజాం ప్రభుత్వం బేరారు ఒప్పందాన్ని అంగీకరించింది. హైదరాబాదు కంటింజెంటు సైన్యపు ఖర్చు, దాని తాలూకు బకాయిల నిమిత్తం బేరారు, రాయచూరు దోఆబు, ధారాశివ ప్రాంతాలను బ్రిటిష్ పాలనకు అప్పగించవలసివచ్చింది. ఆ నెలాఖరునే సాలార్‌జంగు దివాను అయ్యాడు.

ఈ మూడు తేదీలూ పక్కపక్కనే ఉండటం వెనుక కుట్ర వెతకనక్కరలేదు. అయితే వాటి ఫలితాలు ఒకే చోట కలిశాయి. బేరారు దక్కనులో మేలైన పత్తి నేల. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలు కంపెనీ బొంబాయి నుంచి నాగపురానికి వేసిన మార్గం ఆ పత్తి నేలగుండానే వెళ్లి 1867లో నాగపురం చేరింది. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైరు మిల్లులకు పత్తి కరువైనప్పుడు బేరారు విలువ అనేక రెట్లు పెరిగింది. ఆ లాభంలో రైతుకు దక్కిన కొద్ది భాగం పోగా, మిగిలినది బొంబాయి వర్తకులకు, ఎగుమతి కోఠీలకు చేరింది. 1865లో యుద్ధం ముగియగానే బొంబాయి వాటాల బజారు కుప్పకూలి, పాత బొంబాయి బ్యాంకు కూడా మూతపడింది.

1860 ఒప్పందంలో రాయచూరు దోఆబు, ధారాశివ తిరిగివచ్చాయి. 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. బేరారు మాత్రం రాలేదు. సాలార్‌జంగు మిగిలిన జీవితమంతా దాన్ని తిరిగి సంపాదించే ప్రయత్నంలో గడిచింది. అతని రైలు విధానాన్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి. పాత అప్పుల వల్ల పోయిన భూమిని విడిపించుకోజూస్తున్న దివాను, రైలుకోసం కొత్త అప్పు తలకెత్తుకోవడానికి సంకోచించడం సహజం.

వాడి–సికింద్రాబాదు మార్గం: ఖజానా డబ్బుతో రైలు

బొంబాయి, మద్రాసు నగరాలను కలిపే మార్గం 1871లో రాయచూరు వద్ద పూర్తయింది. గుల్బర్గా, వాడి, రాయచూరు నిజాం రాజ్యంలోవే అయినా ఆ మార్గం మీద రాజ్యానికి యాజమాన్యం లేదు. వాడి నుంచి సికింద్రాబాదుకు సుమారు 120 మైళ్ల శాఖ వేయాలని బ్రిటిష్ ప్రభుత్వం కోరింది. సికింద్రాబాదు కంటోన్మెంటు సైనికావసరాలు ఆ కోరికకు ముఖ్యకారణం. 1870లో కుదిరిన ఒప్పందం ప్రకారం పెట్టుబడి భారం నిజాం ప్రభుత్వానిది. నిర్మాణం, నిర్వహణల మీద అధికారం బ్రిటిష్ ఇండియా ప్రభుత్వానిది.

బ్రిటిష్ ఇండియాలో రైలు కంపెనీలకు 1849 నుంచి 5 శాతం హామీ వడ్డీ అమల్లో ఉంది. పెట్టుబడి లండను వాటాదారులది, నష్టభయం భారతీయ పన్ను చెల్లింపుదారులది. డేనియల్ థార్నర్ వంటి చరిత్రకారులు ఈ పద్ధతిలోని అసమానతను విపులంగా చర్చించారు. నిజాం రాజ్యపు తొలి రైలు ఈ పద్ధతికి భిన్నమైనది. ఇక్కడ హామీ వడ్డీ కోరే వాటాదారుడు లేడు. కాని ఖజానా నుంచి డబ్బు వెళ్లినా ఆ డబ్బు మీద అజమాయిషీ రాలేదు.

సాహుకార్ల ధనం ఈ రైలుకు ప్రధానాధారం కాలేకపోయిన తీరును కేవలం వారి సంకుచిత దృష్టికి ఆపాదించడం సరికాదు. సాహుకారు రుణం స్వభావరీత్యా స్వల్పకాలికం. పంట చేతికి రావడం, కిస్తీ వసూలు కావడం, హుండీ గడువు తీరడం దాని కాలమానం. రైలు పెట్టుబడి తిరిగిరావడానికి దశాబ్దాలు పడుతుంది. ఇరవై శాతం వడ్డీకి, భూమిశిస్తు తాకట్టుకు అలవాటుపడిన కోఠీకి ఐదారు శాతం రాబడినిచ్చే వాటా ఆకర్షణీయం కాదు. ఆ రెంటి మధ్య వంతెన వేయవలసిన సంస్థ బ్యాంకు. స్వల్పకాలిక జమలను దీర్ఘకాలిక పెట్టుబడిగా మార్చగల సంస్థ అదే. జపానులో పదిహేనవ జాతీయ బ్యాంకు నిర్వహించిన ఆ పాత్రకు హైదరాబాదులో పాత్రధారి లేడు.

దీనికి సాలార్‌జంగు సంస్కరణలే ఒక విచిత్ర కారణం. 1865 జిల్లాబందీతో జీతగాళ్లయిన తాలూకుదార్లు శిస్తు వసూలుచేసి నేరుగా ఖజానాకు పంపసాగారు. ప్రైవేటు టంకశాలలు మూతపడి హాలీ సిక్కా నిలదొక్కుకుంది. సాహుకార్ల చేతిలోంచి వసూలు హక్కు, నాణెం ముద్రణ రెండూ జారిపోయాయి. పాలనాపరంగా ఇది గొప్ప ముందడుగు. ఆర్థికంగా మాత్రం పాత రుణవ్యవస్థ విడిపోయింది, దాని స్థానంలో కొత్తది రాలేదు. 1860వ దశకం చివర బెంగాలు బ్యాంకు శాఖ వచ్చినా అది కలకత్తాలో నిర్ణయాలు తీసుకునే సంస్థ; స్థానిక పరిశ్రమలకు దీర్ఘకాలిక రుణమివ్వడం దాని పని కాదు. అనేకమంది సాహుకార్లు తమ వ్యవహారాలను బ్రిటిష్ న్యాయాధికారం చెల్లే రెసిడెన్సీ బజార్లకు తరలించారు. రాజ్యంలోని ధనమే రాజ్యపు అధికార పరిధి దాటి నిలిచింది.

1883: లండను కంపెనీ, చాందా ఆందోళన

వాడి మార్గం ఆశించిన ఆదాయం ఇవ్వలేదు. రైలును తూర్పుకు పొడిగించి బొగ్గు గనులకు, కోస్తాకు కలిపితేనే గిట్టుబాటవుతుందన్న వాదన బలపడింది. ఎల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ 1871లోనే గుర్తించాడు. చాందా వైపు, బెజవాడ వైపు మార్గాలు వేయాలన్న పథకం ముందుకు వచ్చింది. అందుకు కావలసిన మూలధనాన్ని లండనులో సేకరించాలని నిశ్చయించారు.

1883 ఫిబ్రవరి 8న సాలార్‌జంగు మరణించాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అప్పటికి మైనరు. దివాను లేక, పాలకుడు పెద్దవాడు కాక ఉన్న ఆ సంధికాలంలోనే రాజ్యం తన చరిత్రలో అతిపెద్ద దీర్ఘకాలిక ఆర్థిక బాధ్యతను స్వీకరించబోయింది. దీనిని ప్రశ్నించినవారిలో హైదరాబాదు కళాశాల అధ్యక్షుడు, సరోజినీనాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ముఖ్యులు. వారు రైలును వ్యతిరేకించలేదు. పథకపు షరతులను ప్రజల ముందుంచాలని, చర్చకు అవకాశమివ్వాలని కోరారు. ఫలితంగా 1883 మే నెలలో ఛటోపాధ్యాయ రాజ్యం నుంచి బహిష్కృతుడయ్యాడు. తెలంగాణ రాజకీయ చైతన్య చరిత్రలో చాందా రైల్వే ఆందోళనకు తొలి ఘట్టంగా స్థానముంది. అయితే ఆ ఆందోళన సారాన్ని రాజకీయ దృష్టితోనే చూడటం వల్ల దాని ఆర్థిక ప్రాధాన్యం తగ్గిపోయింది. ప్రభుత్వం ప్రజల పేరిట చేసే అప్పు షరతులు తెలుసుకునే హక్కు ప్రజలకుందని ఈ రాజ్యంలో బహిరంగంగా వినిపించిన తొలి వాదన అది. పామర్ కాలంలోనూ, బేరారు విషయంలోనూ అడగడానికి వీలుపడని ప్రశ్న అది.

1883 డిసెంబరు 27న ఒప్పందం కుదిరింది. లండనులో నమోదైన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీకి పాత మార్గం అప్పగించి, పెట్టుబడి మీద 20 ఏళ్లపాటు 5 శాతం వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1874లో ఖజానా డబ్బుతో వేసిన రైలు పదేళ్లు తిరిగేసరికి లండను వాటాదారుల ఆస్తి అయింది. మార్గం 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. చాందా వైపు వెళ్లవలసిన మార్గం మాత్రం 1920వ దశకం చివర కాజీపేట–బల్లార్షా మార్గంగా పూర్తయింది.

ఒప్పందం లండనులో నడిపిన ప్రతినిధి సర్దార్ అబ్దుల్ హక్ పేరు కొద్దికాలంలోనే మరో వివాదంలో వినిపించింది. 1886లో ఏర్పడిన హైదరాబాదు దక్కను గనుల కంపెనీ వాటాల్లో అధికభాగం డబ్బు చెల్లించకుండానే హక్కుదార్లకు దక్కిన సంగతి, అలాంటి వాటాలనే నిజాం ప్రభుత్వం అధిక ధరకు కొన్న సంగతి బయటపడి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం వరకూ వెళ్లాయి. షరతులు బహిరంగం చేయాలన్న 1883 నాటి కోరిక ఎంత సమంజసమో ఐదేళ్లలోనే తేలిపోయింది.

పౌను, కల్దారు, హాలీ

హామీ వడ్డీ భారం ఐదు శాతం దగ్గర ఆగలేదు. లండను వాటాదారుకు వడ్డీ పౌన్లలో చెల్లించాలి. రైలు సంపాదించేది రూపాయలు. 1873 తరువాత ప్రపంచమంతటా వెండి ధర పడిపోవడంతో రూపాయి మారకం విలువ క్షీణించింది. ఒకప్పుడు 2 షిల్లింగులుగా ఉన్న రూపాయి 1880ల తొలినాళ్లలో సుమారు 1 షిల్లింగు 7½ పెన్నీలకు, 1894–95 నాటికి దాదాపు 1 షిల్లింగు 1 పెన్నీకి దిగింది.

దీని ప్రభావాన్ని సులభమైన లెక్కతో చూపవచ్చు. 100 పౌన్ల పెట్టుబడి మీద ఏడాదికి వడ్డీ 5 పౌన్లు. రూపాయి 2 షిల్లింగులున్నప్పుడు ఆ వడ్డీ 50 రూపాయలు. ఒప్పందం కుదిరిన నాటి మారకం ప్రకారం దాదాపు 61 రూపాయలు. 1894–95 నాటి మారకం ప్రకారం దాదాపు 92 రూపాయలు. ఒప్పందంలో ఒక్క అక్షరం మారకుండానే పదేళ్లలో రూపాయల్లో భారం సగం పెరిగింది. ఇవి కల్దారు రూపాయలు. రాజ్యంలో శిస్తు వసూలయ్యేది హాలీ సిక్కాలో. 6 కల్దారు రూపాయలకు 7 హాలీ రూపాయలన్న స్థూలమైన మారకాన్ని లెక్కలోకి తీసుకుంటే రైతు చెల్లించే నాణెంలో భారం ఇంకా ఎక్కువ. ప్రారంభ సంవత్సరాల్లో రైలు నికరాదాయం హామీ వడ్డీకి చాలనప్పుడు తేడాను ఖజానా భరించింది. పౌనుకు, కల్దారుకు, హాలీకి నడుమ ఉన్న దూరం చివరకు పొలం మీద పడింది.

సాహుకారు వడ్డీ ఇరవై శాతం, లండను వడ్డీ ఐదు శాతం కాబట్టి రెండవదే చౌక అన్న అభిప్రాయాన్ని ఈ లెక్క ప్రశ్నిస్తుంది. సాహుకారు అప్పు ఖరీదైనదే. కాని దాన్ని హాలీలో తీర్చవచ్చు, గడువు పొడిగించుకోవచ్చు, బేరమాడవచ్చు. ఆ వడ్డీ నగరంలోనే ఖర్చయ్యేది. హామీ వడ్డీకి ఈ వెసులుబాట్లు లేవు. అది ఏటా రాజ్యం దాటి వెళ్లిపోయేది.

రైలు మార్చిన వ్యాపార రుణం

రైలు రుణవ్యవస్థను మార్చిన తీరు రెండో పార్శ్వం. 1830లో మద్రాసు నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, కర్నూలు, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లి తిరిగిరావడానికి పదిహేను నెలలు పట్టింది. ఆయన కాశీయాత్ర చరిత్ర రైలూ బ్యాంకూ లేని దక్కనును తెలుగులో నమోదుచేసిన అపూర్వ ఆధారం. ఆ దక్కనులో సరుకు బంజారాల ఎద్దుల మీద, ధనం హుండీల మీద ప్రయాణించేది. దూరమే హుండీకి విలువనిచ్చింది.

రైలు ఆ దూరాన్ని తగ్గించింది. తాండూరు, వరంగల్లు, ఖమ్మం వంటి చోట్ల స్టేషను చుట్టూ సరుకుల బజార్లు పెరిగాయి. ఆముదాలు, పత్తి, ఇతర నూనెగింజలు బొంబాయి రేవుకూ, బెజవాడ మార్గం పూర్తయ్యాక కోస్తా వైపుకూ తరలాయి. ప్రభుత్వానికి అప్పులిచ్చే పాత కోఠీల ప్రాముఖ్యం తగ్గి, సరుకు మీద బయానా ఇచ్చే అడ్తీదార్ల ప్రాముఖ్యం పెరిగింది. గ్రామంలో కోమటి షావుకారు పంటకు ముందే ఇచ్చిన అప్పు స్టేషను బజారులోని అడ్తీదారు ద్వారా బొంబాయి ఎగుమతి కోఠీతో ముడిపడింది. ధర బొంబాయిలో నిర్ణయమయ్యేది. నష్టం గ్రామంలో తేలేది.

కొంత ధనం పరిశ్రమల వైపు కూడా మళ్లింది. 1870, 80 దశకాల్లో హైదరాబాదు, గుల్బర్గాల్లో నూలుమిల్లులు వెలిశాయి. రైలు అందుబాటు లేకుండా అవి సాధ్యమయ్యేవి కావు. కాని ఈ మార్పు మొత్తంలో ఒక లోపం కనిపిస్తుంది. రైలు రాజ్యంలోని బజార్లను ఒకదానితో ఒకటి కలపడం కన్న, ఒక్కొక్క బజారునూ బయటి రేవుతో కలపడమే ఎక్కువగా జరిగింది. అలాంటి వ్యాపారానికి కావలసినది రేవు పట్టణపు బ్యాంకు రుణమే. రాజధానిలో పెద్ద స్థానిక బ్యాంకు ఏర్పడటానికి అవసరమైన ఒత్తిడి ఆ వ్యాపారం నుంచి పుట్టలేదు. బ్యాంకు లేనందువల్ల రైలు లండను చేతికి వెళ్లింది. రైలు ఆ రూపంలో వచ్చినందువల్ల బ్యాంకు అవసరం మరింత వెనక్కి జరిగింది.

తార్నాక పరిసరాలు: ఆధారాల కూడలి

ఈ చరిత్రకు సంబంధించిన స్థలాలూ ఆధారాలూ హైదరాబాదులో ఒకే ప్రాంతంలో చేరువగా ఉన్నాయి. 1893లో రైలు కంపెనీ నెలకొల్పిన లాలాగూడ కర్మాగారం తార్నాకకు ఆనుకొని ఉంది. సికింద్రాబాదు నుంచి కాచిగూడకు వెళ్లే మార్గం ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణను ఒరుసుకుంటూ పోతుంది. ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా పేర్లతో రెండు స్టేషన్లు ఆ దారిలోనే ఉన్నాయి. నిజాం ప్రభుత్వ దస్తావేజులను భద్రపరచిన రాష్ట్ర ఆర్కైవ్స్ కూడా తార్నాకలోనే ఉంది. పరిశోధనాలయం, కర్మాగారం, దస్తావేజుల నిలయం ఒకదానికొకటి నడక దూరంలో ఉండటం అరుదైన సౌకర్యం.

ఈ సౌకర్యాన్ని తెలుగు పరిశోధన పూర్తిగా వినియోగించుకోవాలంటే రెండు అడ్డంకులు దాటాలి. మొదటిది భాష. 1880వ దశకం వరకు పాలనాభాష పారశీకం, ఆ తరువాత ఉర్దూ. రైలు కంపెనీ వ్యవహారాలు ఇంగ్లీషులో సాగాయి. గ్రామంలో షావుకారు పద్దు మాత్రం తెలుగులో ఉంటుంది. ఒకే అప్పు ఈ నాలుగు భాషల్లో నాలుగు పేర్లతో నమోదవుతుంది. రెండోది శాఖల విభజన. రైలు దస్తావేజులను రవాణా చరిత్రకు, ఆర్థికశాఖ దస్తావేజులను పాలనా చరిత్రకు వేరుచేసి చదివితే హామీ వడ్డీ వంటి విషయం రెండింటి నడుమ జారిపోతుంది. సాహుకారు, హుండీ, బయానా, కిస్తీ, జమ, కల్దారు వంటి పదాలు తెలుగులోకి వచ్చిన క్రమాన్ని భాషాశాస్త్ర దృష్టితో పరిశీలించడం కూడా ఆర్థిక చరిత్రకు ఉపకరిస్తుంది. ఈ పనికి తెలుగు శాఖలకు ఉన్నంత అర్హత మరెవరికీ లేదు.

ముగింపు

హామీ గడువు 1904తో ముగిసినా కంపెనీ యాజమాన్యం కొనసాగింది. 1930 ఏప్రిల్‌లో నిజాం ప్రభుత్వం రైలును కొనుగోలు చేసి సొంతం చేసుకుంది. యాజమాన్యం చేతికి వచ్చిన రెండేళ్లకే, 1932లో, రైల్వే శాఖ ఆధ్వర్యంలో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. అంతకు ముందే 1929లో పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చే పారిశ్రామిక నిధి ఏర్పడింది. 1941లో హైదరాబాదు స్టేట్ బ్యాంకు శాసనం వచ్చింది. ఈ వరుస గమనించదగినది. రైలు లండను ఆస్తిగా ఉన్న 45 ఏళ్లలో రాని బ్యాంకు, రైలు రాజ్యం ఆస్తి అయిన తరువాత పదకొండేళ్లకు వచ్చింది. ఈ పరిణామానికి ఇతర కారణాలూ ఉన్నప్పటికీ, రాబడి మీద అధికారం లేనిచోట బ్యాంకు పుట్టదన్న సూచన ఇందులో ఉంది.

కాబట్టి నిజాం రాజ్యంలో రైలు ఆధునికతను తెచ్చిందా, దోపిడీని తెచ్చిందా అన్న పాత ద్వంద్వం ఈ చరిత్రను వివరించడానికి చాలదు. అది రెంటినీ తెచ్చింది. వరంగల్లు బజారు, ఎల్లందు బొగ్గు, లాలాగూడ కార్మికవర్గం రైలు లేనిదే లేవు. అసలు ప్రశ్న రైలు రావడం గురించి కాదు. ఎవరి ధనంతో, ఏ నాణెంలో, ఎవరి పూచీ మీద, ఎవరికి తెలిసి వచ్చిందన్నది. 1823లో పేష్కషు, 1853లో బేరారు, 1883లో రైలు – ముప్ఫయ్యేసి ఏళ్ల ఎడంతో మూడుసార్లు రాజ్యం అప్పు పేరిట తన ఆస్తిని చేజార్చుకుంది. మూడోసారి మాత్రం షరతులేమిటని అడిగినవారు ఉన్నారు. వారిని రాజ్యం బహిష్కరించింది గాని, వారి ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. పెద్ద నిర్మాణాలకోసం ప్రభుత్వాలు దీర్ఘకాలిక రుణాలు తెచ్చే ప్రతి సందర్భంలోనూ ఆ ప్రశ్న కొత్తగా వర్తిస్తూనే ఉంటుంది.